పి.వి. నరసింహారావు: హన్మకొండ వైపు నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో గ్రూప్స్ రాసే పిల్లలకు చరిత్ర చెప్తూ చాలా ఏళ్లు గడిచాయి. పి.వి. పాఠం వచ్చిన రోజు క్లాసు మామూలుగా సాగదు. సిలబస్‌లో ఆయనకు దక్కేది రెండు మూడు లైన్లు. పిల్లల ప్రశ్నలు మాత్రం ఇంట్లో తాతలు అన్న మాటల్లోంచి, చౌరస్తా చాయ్ హోటళ్లలో విన్న వాదనల్లోంచి పుట్టుకొస్తాయి. ఒకడు మన ఊరి మొనగాడంటాడు, ఇంకొకడు మనకేం ఒరగబెట్టిండంటాడు. ఆ ప్రశ్నలనే వాళ్లు అడిగిన తీరులోనే ఇక్కడ పెడుతున్నాను.

ఒక సంగతి ముందే చెప్తా. పి.వి.ని ప్రధాని అయిన 1991 నుంచి చదవడం మొదలుపెడితే సగం మనిషే దొరుకుతాడు. ఒక చోట తలుపు మూసుకుపోవడం, ఆయన ఇంకో ఊరు వెతుక్కోవడం, అక్కడ నిలదొక్కుకోవడం: పదిహేడో ఏట నుంచీ ఆయన బతుకు ఇట్లనే నడిచింది.

ఆయన పుట్టింది లక్నేపల్లిలోనా, వంగరలోనా?

పుట్టింది లక్నేపల్లిలో, 1921 జూన్ 28న. వరంగల్ జిల్లా నర్సంపేట దగ్గరి ఊరు. కన్న తల్లిదండ్రులు రుక్మాబాయి, సీతారామారావు. మూడేళ్ల వయసులో వంగరకు చెందిన పాములపర్తి రంగారావు, రుక్మిణమ్మ దంపతులు దత్తత తీసుకున్నారు. పెరిగిందీ, ఆస్తి వచ్చిందీ, ఊరి పేరు చెప్పుకున్నదీ అంతా వంగరే. రెండు ఊళ్లవాళ్లూ మా వాడే అంటారు, ఇద్దరి మాటా నిజమే. నేను చదువుకునే రోజుల్లో ఒక పరీక్షలో జన్మస్థలం వంగర అని రాసి ఒక మార్కు పోగొట్టుకున్నా. మీరు పోగొట్టుకోకండి.

ఏ జిల్లా అని రాయాలె సార్?

లక్నేపల్లి అప్పుడూ ఇప్పుడూ వరంగల్ జిల్లానే. తిప్పలంతా వంగరతోనే. భీమదేవరపల్లి మండలంలోని ఈ ఊరు చాలాకాలం కరీంనగర్ జిల్లాలో ఉండేది. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు వరంగల్ అర్బన్‌లోకి వచ్చింది, 2021లో ఆ జిల్లా పేరే హనుమకొండగా మారింది. పాత పుస్తకంలో కరీంనగర్ అని ఉంటే అది అచ్చుతప్పు కాదు.

వందేమాతరం పాడినందుకు కాలేజీ నుంచి తీసేసిండ్రట, నిజమేనా?

నిజమే. 1938లో హైదరాబాద్‌లో ఉస్మానియా హాస్టల్ పిల్లలు ప్రార్థనలో వందేమాతరం పాడుకుంటే నిజాం సర్కారు కుదరదంది. పిల్లలు మానలేదు. గొడవ ఉస్మానియా కింద ఉన్న మిగతా కాలేజీలకూ పాకింది. వరంగల్‌లో చదువుతున్న పి.వి. కూడా అందులో ఉన్నారు. వందల మందిని బయటికి పంపేశారు. సంస్థానంలో ఉన్న విశ్వవిద్యాలయం అదొక్కటే కాబట్టి అక్కడ పేరు కొట్టేస్తే చదువు ఆగిపోయినట్టే.

ఆ పిల్లలకు తలుపు తెరిచింది నాగపూర్ విశ్వవిద్యాలయం. పదిహేడేళ్ల పి.వి. అట్లా గోదావరి దాటి మరాఠీ మాట్లాడే నేలకు వెళ్లారు. నాగపూర్‌లో, పుణె ఫెర్గూసన్ కాలేజీలో చదివి న్యాయవాది అయ్యారు. ఈ నాగపూర్ పేరును కాస్త గుర్తుపెట్టుకోండి. నలభై ఆరేళ్ల తర్వాత మళ్లీ వస్తుంది.

స్వాతంత్ర్య సమరయోధుడంటరు గదా, తుపాకి పట్టిండా?

ఇది అడగని బ్యాచ్ లేదు. మన పిల్లల మనసులో సమరయోధుడంటే సాయుధ పోరాటపు దళ సభ్యుడే. పి.వి. ఆ దారి మనిషి కాదు, హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ మనిషి. గురువు స్వామి రామానంద తీర్థ. హైదరాబాద్‌లో బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియర్‌గా వకాలత్ నేర్చుకున్నారు. తమాషా ఏమిటంటే స్టేట్ కాంగ్రెస్‌లో స్వామీజీ వర్గానికీ బూర్గుల వర్గానికీ పడేది కాదు. వృత్తిలో బూర్గుల శిష్యుడైన మనిషి రాజకీయంలో స్వామీజీ వైపు నిలబడ్డాడు.

1947 ఆగస్టులో దేశమంతా జెండా ఎగిరింది, ఇక్కడ మాత్రం నిజాం ఒప్పుకోలేదు. ఆ సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎత్తబోయిన జనం మీద కాల్పులు జరిగాయి. రజాకార్ల భయానికి ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. అప్పుడు సంస్థానం చుట్టూ సరిహద్దు బయట కాంగ్రెస్ క్యాంపులు వెలిశాయి. మనవైపు వాళ్లకు దగ్గరిది చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్. కాజీపేటలో రైలెక్కితే బల్లార్షా తర్వాత వచ్చే పెద్ద స్టేషన్ అదే. పి.వి. పనిచేసింది ఆ క్యాంపులో. సంస్థానం నుంచి పారిపోయి వచ్చినవాళ్లకు నీడ చూపించడం, లోపలికి మనుషులనూ సామగ్రినీ పంపడం క్యాంపుల పని. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయే దాకా అవి నడిచాయి.

కాకతీయ పత్రిక ఏంటిది?

విలీనం అయిన ఏడాదే వరంగల్ నుంచి మొదలైన వారపత్రిక. పి.వి., ఆయన బంధువు పాములపర్తి సదాశివరావు ముఖ్యులు, మరికొందరు తోడు. 'జయ', 'విజయ' అని కలం పేర్లు పెట్టుకుని రాసేవాళ్లు. రజాకార్ల కాలం మీద పి.వి. రాసిన 'గొల్ల రామవ్వ' కథ అచ్చయింది ఇందులోనే. పోలీసుల నుంచి తప్పించుకుని వచ్చిన కుర్రవాణ్ని గుడిసెలో దాచిన ముసలామె కథ అది. ప్రధానమంత్రి రాసిన కథ అని కాకుండా మామూలు కథగా చదివి చూడండి, రామవ్వ మాట మన పల్లె మాటే.

మొదటి ఎలక్షన్ల ఓడిపోయిండా?

ఓడిపోయారు. 1952లో కరీంనగర్ లోక్‌సభకు నిలబడితే పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) అభ్యర్థి బద్దం ఎల్లారెడ్డి గెలిచారు. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్నందున ఆ పార్టీ వాళ్లు పీడీఎఫ్ పేరుతో దిగారు. దొరల మీద కొట్లాడిన వాళ్లకు తెలంగాణ పల్లె కళ్లకద్దుకుని ఓటేసిన ఎన్నిక అది. ఆ గాలిలో వంగర భూస్వామి ఇంటి కుర్ర వకీలు నిలబడగలిగితేనే వింత.

మంథని ఎందుకు పోయిండు మరి?

1957లో అసెంబ్లీకి అక్కడ టికెట్ వచ్చింది, వెళ్లారు. గోదావరి ఒడ్డున వేదపండితులకు పేరుపడ్డ ఊరు మంథని. ఊరు దాటితే మహదేవపూర్ దాకా అడవి. 1957, 62, 67, 72: నాలుగుసార్లు వరసగా అక్కడి నుంచే గెలిచారు. మంత్రి అయిందీ, ముఖ్యమంత్రి అయిందీ మంథని ఎమ్మెల్యేగానే.

రాష్ట్ర మంత్రిగా చేసినదాంట్ల చెప్పుకోదగ్గది ఏది?

న్యాయం, దేవాదాయం, ఆరోగ్యం అన్నీ చూశారు గానీ నన్నడిగితే విద్యాశాఖే. 1968లో తెలుగు అకాడమీ పుట్టింది, దానికి తొలి అధ్యక్షుడు పి.వి.నే. కాలేజీ చదువు తెలుగులో చెప్పాలంటే ముందు పుస్తకాలు ఉండాలి గదా, వాటికోసం పెట్టిన సంస్థ. ఇప్పుడు మీ సంచుల్లో అట్ట చిరిగి, పక్కన పేజీ నంబర్లు గీకి, టేపు అతికించిన తెలుగు అకాడమీ పుస్తకం ఉంది చూడండి, దాని మొదలు అక్కడుంది. ఇంగ్లీషు రాని పల్లెటూరి పిల్లగాడు డిగ్రీ చదివి గ్రూప్స్ రాస్తున్నాడంటే అందులో ఆ పుస్తకాల పాలు తక్కువేం కాదు.

రెండోది సర్వేల్ గురుకులం. 1971లో, అప్పటి నల్లగొండ జిల్లాలో మొదలైంది. తెలివైన పేదపిల్లలను ఏరి, ఉంచి, తిండిపెట్టి చదివించే బడి. పి.వి. కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉన్నప్పుడు 1986 విద్యా విధానం వచ్చింది, దాంతోపాటు నవోదయ విద్యాలయాలు వచ్చాయి. సర్వేల్ చూసినవాళ్లకు నవోదయ కొత్తగా అనిపించదు.

ముఖ్యమంత్రి కుర్చీ ఏడాదికే ఎందుకు పోయింది?

ఏడాదీ మూడు నెలలు. 1971 సెప్టెంబరు 30న ఎక్కి, 1973 జనవరిలో దిగారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు తెలంగాణ నుంచి తొలి ముఖ్యమంత్రి. 1969 ప్రత్యేక తెలంగాణ ఉద్యమం తర్వాత బ్రహ్మానందరెడ్డిని తప్పించి ఇందిరాగాంధీ ఈయన్ను కూర్చోబెట్టారు. పెద్ద కులబలం లేదు, వెనక ముఠా లేదు. ఎంచుకోవడానికి కారణమూ అదే, దించడం తేలికైందీ అందుకే.

రెండు నిప్పులు ఒకేసారి అంటుకున్నాయి. ఒకటి భూమి. 1972లో ముందుగా భూముల బదిలీలను ఆపుతూ ఆర్డినెన్స్ తెచ్చారు. లేకపోతే చట్టం వచ్చేలోపు పహాణీల్లో, అంటే భూమి రికార్డుల్లో, పేర్లన్నీ మారిపోతాయి గదా. ఆ తర్వాత ఒక కుటుంబానికి ఇంతే భూమి అనే సీలింగ్ చట్టం. అయిదుగురున్న కుటుంబానికి భూమి రకాన్ని బట్టి తరి (నీళ్లు పారే భూమి) అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే 35 నుంచి 54 ఎకరాలు. 1973లో మొదటి చట్టంగా పుస్తకానికెక్కింది, అమలు మాత్రం 1975 జనవరి నుంచి. అప్పటికి ఆయన హైదరాబాద్‌లో లేరు. అసెంబ్లీలో ఎవరి ముందు ఆ బిల్లు పెట్టారో ఊహించుకోండి. వాళ్లలో చాలామంది వందల ఎకరాల ఆసాములే.

రెండోది ముల్కీ. స్థానికులకే కొలువులన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు చెప్పింది. కోర్టు మాటే ఆఖరి మాట అన్నట్టుగా పి.వి. మాట్లాడారు. కోస్తాలో జై ఆంధ్ర ఉద్యమం భగ్గుమంది, సొంత మంత్రులే రాజీనామా చేశారు. ముల్కీ కోపం నిజమైనదే. ఆ కోపం వెనక భూమి కోపం కూడా దాక్కుని ఉందని నా నమ్మకం. ఢిల్లీ ఆయన్ను దింపి రాష్ట్రపతి పాలన పెట్టింది.

సొంత భూమి కూడ ఇచ్చిండా, లేక మందికే చెప్పిండా?

ఇచ్చారు. వంగరలో ఆ కుటుంబానికున్న భూమిలో వందల ఎకరాలు సీలింగ్ కింద వదిలేశారు. ఈ జవాబు చెప్పినప్పుడల్లా వెనక బెంచీ నుంచి 'మంచిదే గాని సార్, మిగిలినయ్ ఎన్ని?' అంటారు. అడగాల్సిన ప్రశ్నే. చిన్న కమతం మిగిలిన మనిషేం కాదు ఆయన. కానీ సొంత చట్టంతో సొంత కమతాన్నే కోసుకున్న ముఖ్యమంత్రులు మన చరిత్రలో ఎంతమంది ఉన్నారో వేళ్లమీద లెక్కపెట్టి చూడండి.

1969లో తెలంగాణ కోసం నిలబడ్డడా?

లేదు. ఆ ఏడాది వరంగల్ వీధుల్లో పిల్లలు రక్తం చిందిస్తుంటే ఆయన బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గంలోనే ఉన్నారు. ఆ తరం వరంగల్ వాళ్లు కొందరు ఇప్పటికీ ఆయన పేరెత్తితే మొహం పక్కకు తిప్పుకుంటారు. వాళ్లను తప్పుపట్టలేను.

ఇంత పెద్ద మనిషి హన్మకొండలనే ఓడిపోయిండట, ఎట్ల?

1977లో దేశమంతా కాంగ్రెస్ కొట్టుకుపోతే ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 ఇచ్చింది. అందులో హన్మకొండ నుంచి పి.వి. ఒకరు. 1980లో మళ్లీ గెలిచి విదేశాంగ మంత్రి అయ్యారు. 1984కి గాలి తిరిగింది. ఇందిర హత్య సానుభూతితో దేశమంతా కాంగ్రెస్‌కు పట్టం కడితే ఇక్కడ ఎన్టీఆర్ గాలి వీచింది. తెలుగుదేశం మద్దతుతో నిలబడ్డ బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి పి.వి.ని ఓడించారు. ఆ ఎన్నికలో బీజేపీ దేశం మొత్తం మీద గెలిచింది రెండంటే రెండు సీట్లు. గుజరాత్‌లో మెహసానా ఒకటి, మన హన్మకొండ రెండోది.

చౌరస్తా దగ్గర చాయ్ తాగుతుంటే ఒక పెద్దాయన చెప్పిన మాట నాకు బాగా గుర్తు. 'పీవీ సాబ్ మంచోడే బిడ్డా. కానీ ఆయనతోని మాట్లాడాలంటే ఢిల్లీకి పోవాలె. జంగన్న మా గల్లీల దొరుకుతడు.' గ్లాసు కింద పెట్టి, 'గంతే' అన్నాడు. ఆ ఓటమి మీద ఇంతకన్నా మంచి విశ్లేషణ నేను చదవలేదు.

అయితే పి.వి. ఆ ఎన్నికలో ఇంకోచోట కూడా నామినేషన్ వేసి ఉన్నారు. మహారాష్ట్రలో రాంటెక్. ఎక్కడుందనుకున్నారు? నాగపూర్ పక్కన. వరంగల్ కాలేజీ గెంటేసినప్పుడు చేరదీసిన నేలే, హన్మకొండ కాదన్నప్పుడు లోక్‌సభకు పంపింది. 1989లోనూ అక్కడి నుంచే గెలిచారు. కాళిదాసు మేఘదూతంలో యక్షుడు ఊరికి దూరమై కూర్చున్న రామగిరి ఈ రాంటెక్కేనని పండితులు కొందరంటారు. మంథని దగ్గర కూడా ఒక రామగిరి ఖిల్లా ఉంది, అది వేరే కథ.

2008 పునర్విభజనతో హన్మకొండ లోక్‌సభ స్థానమే లేకుండా పోయింది. కాబట్టి 'హన్మకొండ ఎంపీ' అన్న మాట ఇక చరిత్ర పుస్తకంలోదే.

పోటీ చేయకుండనే ప్రధాని ఎట్లయిండు?

1991 ఎన్నికల్లో ఆయన నిలబడలేదు. వయసు డెబ్బైకి దగ్గరపడింది, పుస్తకాలు సర్ది హైదరాబాద్ బాట పట్టే ఆలోచనలో ఉన్నారు. మే 21న రాజీవ్‌గాంధీ హత్య జరిగింది. కాంగ్రెస్ అతిపెద్ద పార్టీగా వచ్చింది గానీ మెజారిటీ లేదు. జూన్ 21న పి.వి. ప్రధానిగా ప్రమాణం చేశారు. తెలుగువాడు, దక్షిణాదివాడు ఆ కుర్చీ ఎక్కడం అదే మొదలు. ఆర్నెల్లలో ఎంపీ కావాలి కాబట్టి నంద్యాల ఉప ఎన్నిక. తెలుగువాడు ప్రధాని అయ్యాడని ఎన్టీఆర్ పోటీ పెట్టలేదు. మెజారిటీ 5 లక్షలు దాటింది. గమనించారా, ఈసారి కూడా ఇంకో ఊరే.

ఆర్థిక సంస్కరణలు చేసింది ఈయనా, మన్మోహన్ సింగా?

పరీక్షలో ఇద్దరి పేర్లూ రాయండి. దిగుమతులకు రెండు వారాలకు సరిపోయేంత విదేశీ మారకం మిగిలిన రోజులవి. జూలై మొదట్లో రూపాయి విలువను రెండు విడతల్లో తగ్గించారు. రిజర్వు బ్యాంకు బంగారం 47 టన్నులు విదేశాల్లో కుదువపెట్టారు. మన ఇళ్లలో పుస్తె కుదువపెట్టినంత పరువు తక్కువగా చూసింది దేశం. జూలై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్ పెట్టిన రోజే కొత్త పారిశ్రామిక విధానమూ వచ్చింది. లైసెన్సుల రాజ్యానికి గండికొట్టింది ఆ విధానమే, పరిశ్రమల శాఖను ప్రధాని తన దగ్గరే ఉంచుకున్నారు. లెక్క తెలిసిన మనిషి ఒకరు. మెజారిటీ లేని సభలో, సొంత పార్టీ గొణుగుడు మధ్య ఆ లెక్కను ఒప్పించిన మనిషి ఇంకొకరు.

ఆయన మీద ఉన్న మచ్చల సంగతి?

దాచాల్సిన పనిలేదు. 1984 నవంబరులో ఢిల్లీలో సిక్కులను ఊచకోత కోసినప్పుడు కేంద్ర హోంమంత్రి ఆయనే, ఢిల్లీ పోలీసులు ఆ శాఖ కిందే ఉంటారు. 1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదు కూలినప్పుడు ప్రధాని ఆయనే. మసీదును కాపాడతామని ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి కల్యాణ్ సింగ్ సుప్రీంకోర్టుకే మాటిచ్చారు, దాన్ని నమ్మానని పి.వి. వాదన. ముందే రాష్ట్రపతి పాలన పెట్టి ఉండాల్సిందని విమర్శకుల వాదన. ఆగి చూడటం ఆయన స్వభావం. చాలాసార్లు అది పనిచేసింది. ఆ రెండుసార్లు ఆగి చూడటానికి జనం మూల్యం చెల్లించారని నేను పిల్లలకు చెప్తాను.

కేసులల్ల శిక్ష పడ్డదా?

1993 జూలై అవిశ్వాస తీర్మానంలో జేఎంఎం (ఝార్ఖండ్ ముక్తి మోర్చా) ఎంపీల ఓట్లు కొన్నారన్న కేసులో 2000లో ప్రత్యేక కోర్టు దోషి అంది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. మిగతా కేసుల నుంచీ బయటపడ్డారు. పాలిటీ చదివేవాళ్లకు ఒక ముక్క: లంచం తీసుకుని సభలో ఓటేసిన ఎంపీలకు రక్షణ ఉంటుందన్న 1998 తీర్పు ఆయన పేరుతోనే ఉండేది. 2024 మార్చిలో ఏడుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని తిరగరాసింది.

17 భాషలు నిజంగ వచ్చా?

లెక్క సంగతి వదిలేయండి, వచ్చిన దారి చూడండి. తెలుగు ఇంట్లోది, ఉర్దూ నిజాం బడిది, మరాఠీ బహిష్కరణ పెట్టిన భిక్ష. హిందీ ఎంత వచ్చంటే విశ్వనాథ వారి వేయిపడగలును 'సహస్రఫణ్'గా అనువదించారు. స్పానిష్ పెద్దయ్యాక నేర్చుకున్నారు. అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాములు రాయడం కూడా నేర్చారు. ముప్పై ఏళ్లకే 'ఇక నాకెక్కదు సార్' అనేవాళ్లకు ఈ ముక్క రెండుసార్లు చెప్తాను.

ఇంతకూ వరంగల్‌కు ఏం చేసిండు?

ఫ్యాక్టరీ చూపించమంటే నా దగ్గర జవాబు లేదు. ప్రధానిగా సొంత జిల్లాకు మూటలు మోసుకొచ్చే తరహా కాదు, ఆ కినుక ఇక్కడ పోలేదు, పోదు కూడా. కానీ పంచాయతీలకు సంబంధించిన 73వ రాజ్యాంగ సవరణ ఆయన హయాంలోనే 1993 ఏప్రిల్ 24 నుంచి అమల్లోకి వచ్చింది. పంచాయతీకి అయిదేళ్ల గడువు, ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు వచ్చింది దాంతోనే. మీ ఊళ్లో ఎప్పుడో ఒకప్పుడు మహిళ సర్పంచ్ అయి ఉంటే అది వరంగల్‌కు చేసిందా కాదా, మీరే చెప్పండి.

ఢిల్లీల సమాధి ఎందుకు లేదు?

2004 డిసెంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో పోయారు. పార్థివదేహం ఉన్న బండి కాంగ్రెస్ కేంద్ర కార్యాలయం గేటు బయటే ఆగింది, లోపలికి పోనివ్వలేదు. అయిదేళ్లు ప్రధానిగా, అంతే కాలం పార్టీ అధ్యక్షుడిగా ఉన్న మనిషికి దక్కిన వీడ్కోలు అది. 25న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున దహనం చేశారు. ఆ స్థలమే ఇప్పటి పి.వి. జ్ఞానభూమి. చావులో కూడా ఒక ఊరు కాదంటే ఇంకో ఊరే. భారతరత్న 2024 ఫిబ్రవరి 9న ప్రకటించారు.

రెండు ఊళ్లూ ఒక్కరోజుల చూసి రావచ్చా?

సొంత బండి ఉంటే హాయిగా చూడొచ్చు. పొద్దున్నే వరంగల్ నుంచి నర్సంపేట దారిలో లక్నేపల్లి చూసి వెనక్కి రండి. తర్వాత హన్మకొండ మీదుగా కరీంనగర్ రోడ్డు పట్టి ఎల్కతుర్తి దగ్గర హుస్నాబాద్ వైపు తిరగాలి. ముల్కనూరు వస్తుంది, సహకార సంఘానికి దేశమంతా పేరున్న ఊరు. అక్కడ చాయ్ తాగి వంగర దారి అడగండి, ఎవరైనా చెప్తారు. సంక్రాంతి రోజుల్లో మాత్రం పెట్టుకోకండి. అదే మండలంలో కొత్తకొండ వీరభద్రస్వామి జాతర ఉంటుంది, ఎడ్లబండ్లు, ఆటోలు, జనం. బండి కదలదు.